పెరటికి వచ్చిన అతిథి

తూర్పుముఖముగా సాగివచ్చు గోదావరీమాత చెన్నూరు వద్ద ఉత్తరవాహిని యగును. ఆ తీర్థమున స్నానమాడుటకు యాత్రికులు దూరప్రాంతములనుండి వత్తురు. అయినను ఆ నదికి సమీపముననే యున్న ఇండ్ల పెరళ్ళలో వేసవి వచ్చినంతనే తులసి నీటికై తపించును. పూర్వము ఆదిలాబాదు జిల్లాలో నుండి, 2016లో మంచిర్యాల జిల్లాలో చేరిన ఈ ప్రాంతమున మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటు దినములు అరుదు కావు. నల్లరేగడి బీటలువారును, బావినీరు అడుగంటును. మృగశిర కార్తెలో తొలివాన కురిసి మట్టివాసన సోకగానే గృహిణి చేతులు జోడించి నమస్కరించును. ఆ నమస్కారముతో వానకు మన స్వాగతము పూర్తియైనట్లేనా? ఇది విచారింపదగిన ప్రశ్న.

అన్నమువలన ప్రాణులు, వర్షమువలన అన్నము, యజ్ఞమువలన వర్షము కలుగునని భగవద్గీత మూడవ అధ్యాయమున గీతాచార్యుడు ఉపదేశించెను. సూర్యభగవానుడు ఎనిమిది నెలలు తన కిరణములతో భూమినుండి గ్రహించిన జలమును కాలము రాగానే భూమికే తిరిగి యిచ్చునని భాగవత దశమస్కంధములోని వర్షర్తు వర్ణనము తెలుపుచున్నది. అనగా వాన మనకు ఊరక దొరికిన సొత్తు కాదు. భూమి సొమ్ము భూమికి చేరుటయే. మన కప్పుపై పడినంతమాత్రమున దానిని వీధికాలువ పాలు చేయుటకు మనకు అధికారమెక్కడిది? నూరు చదరపు మీటర్ల మిద్దెపై 20 మిల్లీమీటర్ల వాన కురిసినచో అది 2,000 లీటర్ల నీరు. దానిని పోనిచ్చి, మరల వేసవిలో బిందెడు నీటికై దేవుని వేడుకొనుట ఎంతవరకు న్యాయము?

మరియొక చిక్కు కలదు. మన పెరటికి అమృతమైన వాన పొరుగువాని చేనికి విషము కావచ్చును. 2022 జూలైలో గోదావరి ఉప్పొంగినప్పుడు ఈ ప్రాంతమున పొలములు నీట మునిగినవి. పత్తిచేను మునిగిన రైతు కంటతడి పెట్టుచుండగా, మన మల్లెపాదు చిగిర్చినదని సంతోషించుట తగునా? దీనికి గోదాదేవి మార్గము చూపినది. ఆమె శ్రీవిల్లిపుత్తూరున పెరియాళ్వారుల పూలతోటలో తులసి చెంత లభించిన తల్లి. తోటకు నీరెంత అవసరమో ఎరిగిన తల్లి. అయినను తిరుప్పావై మూడవ, నాల్గవ పాశురములలో ఆమె తన తోటకొరకు వాన కోరలేదు. కీడు కలిగింపక లోకమెల్ల బ్రతుకునట్లు కురియవలెనని కోరినది. వానను వేడునపుడు "నాకు" అను మాట విడిచి "అందరికి" అను మాట పట్టుకొనుటయే వైష్ణవ లక్షణము.

మన తెలంగాణ పల్లెలలో వానలు వెనుకపట్టినపుడు రోకలికి కప్పను, వేపమండలను కట్టి పిల్లలు కప్పతల్లి ఆట ఆడుదురు. ప్రతి యింటివారును బయటికి వచ్చి దానిపై నీరు పోయుదురు. నీరు కరవైన దినములలోనే ఉన్న నీటిలో కొంత ధారపోయుట ఎంత లోతైన భావము! అడుగుటకు ముందు ఇయ్యవలెనని ఆ పసివారి ఆట మనకు నేర్పుచున్నది.

భగవద్రామానుజుల ఆజ్ఞను శిరసావహించి తిరుమలలో పూలతోట పెంచిన అనంతాళ్వారులు వానకై ఎదురుచూచుచు ఊరకుండలేదు. గర్భవతియైన భార్యతో కూడ మట్టి మోసి చెరువు త్రవ్విరి. బాలుని రూపమున స్వామియే వచ్చి ఆ మట్టి మోయుటకు సాయపడెనని మన పెద్దలు చెప్పుకొందురు. ప్రార్థనకును ప్రయత్నమునకును విరోధము లేదని దీనివలన స్పష్టమగుచున్నది.

కావున గృహస్థులారా! అతిథికి ఆసనము సిద్ధపరచినట్లు, వానకు ముందే మిద్దెను ఊడ్చి శుభ్రము చేయుదము. గోడల పునాదికి దూరముగా గుంట త్రవ్వి, రాళ్ళు, కంకర, ఇసుక నింపి, మిద్దెనీరు అందులో ఇంకునట్లు చేయుదము. మొక్కల పాదులు విశాలముగా కట్టుదము. మన నీరు పొరుగువాని గోడను తడుపకుండ జాగ్రత్తపడుదము. ఇట్లు నేలలో ఇంకిన నీటికి గట్లు తెలియవు. అది మన బావికెంత ఊటయో, పక్కయింటి బావికిని అంతే. ఆ బావినుండి తోడి తులసికి పోయు చెంబెడు నీరు నీలమేఘశ్యామునకు ప్రీతికరమైన కైంకర్యమగును గాక!