జాబాల ఏ పక్షం?

పిల్లల పెంపకం కోసం ఉద్యోగం మానుకున్న తల్లికి చదువంతా వృథా చేసుకుందన్న మాట, ఉద్యోగానికి వెళ్లే తల్లికి పిల్లలను గాలికి వదిలేసిందన్న మాట తప్పడం లేదు. ఈ నిందలు తరచుగా సాటి తల్లుల నోటి నుంచే వస్తున్నాయి. పైగా ఇరుపక్షాల వారూ సంప్రదాయాన్నే సాక్ష్యానికి పిలుస్తున్నారు. ఇంటిపట్టున ఉండడమే స్త్రీధర్మమని ఒకరు పురాణాలను చూపితే, గార్గి, మైత్రేయి వంటి బ్రహ్మవాదినులను, అంటే బ్రహ్మతత్త్వ విచారణలో మునిగిన విదుషీమణులను, మరొకరు ఉదాహరిస్తున్నారు. అయితే ఉపనిషత్తులలోనూ భాగవతంలోనూ కనిపించే తల్లుల కథలను నిదానంగా చదివినవారికి, ఆ గ్రంథాలు ఈ తగవులో ఎవరి వైపూ సాక్ష్యం చెప్పవని తెలుస్తుంది.

ఛాందోగ్యోపనిషత్తు నాలుగవ అధ్యాయంలో సత్యకాముడనే బాలుడు బ్రహ్మచర్యానికి, అనగా గురుకులంలో ఉండి వేదం చదువుకోవడానికి, బయలుదేరుతూ తన గోత్రమేమిటని తల్లి జాబాలను అడుగుతాడు. యౌవనంలో ఎన్నో పరిచర్యలు చేస్తూ తిరిగిన కాలంలో అతడు పుట్టాడనీ, గోత్రం తనకు తెలియదనీ, తన పేరు జాబాల గనుక సత్యకామ జాబాలుడనని చెప్పుకొమ్మనీ ఆమె బదులిస్తుంది. బాలుడు హారిద్రుమత గౌతముని ఎదుట ఆ మాటలనే దాచకుండా చెప్పగా, సత్యం నుంచి తొలగని ఆ గుణాన్నే అర్హతగా ఎంచి ఆయన అతనిని శిష్యునిగా స్వీకరించాడు. మూలవాక్యాన్ని ఉన్నదున్నట్టు చదివిన ఆధునికులలో అనేకులు జాబాలను పరుల ఇళ్లలో పనిచేసి బిడ్డను పోషించుకున్న దాసిగా అర్థం చేసుకున్నారు. శంకర భాష్యం ఆమెను గృహిణిగానే చూపుతుంది. భర్త ఇంట అతిథి అభ్యాగతుల సేవలో మనసంతా మునిగిపోయినందువల్ల గోత్రం గుర్తుపెట్టుకోవాలన్న తలపే ఆమెకు కలగలేదనీ, ఆ రోజుల్లోనే భర్త గతించాడనీ ఆచార్యుల వివరణ.

ఒకే స్త్రీ ఒక పాఠంలో బయట పనిచేసే తల్లి, మరొక పాఠంలో ఇంటి తల్లి. ఏ అర్థం తీసుకున్నా ఆమెకు ఊపిరి సలపనంత పని ఉన్నదన్న సంగతి మారదు. బిడ్డకు అబద్ధం చెప్పలేదన్న సంగతీ మారదు. ఏదో ఒక గోత్రం కల్పించి చెప్పడం ఆమెకు కష్టం కాదు, అది లోకం ఎదుట తన పరువును కాపాడి ఉండేది కూడా. ఆ పని చేయకపోవడమే సత్యకామునికి దక్కిన తొలి ఉపదేశమని చెప్పడం అతిశయోక్తి కాదు. ఆమె రోజుకు ఎంతసేపు కొడుకు దగ్గర కూర్చున్నదో ఉపనిషత్తు లెక్కపెట్టలేదు.

భాగవతం ప్రథమ స్కంధంలో నారదుడు తన పూర్వజన్మను వ్యాసునికి వివరించే ఘట్టం ఈ విషయంలో ఇంకా సూటిగా మాట్లాడుతుంది. ఆ జన్మలో ఆయన వేదవేత్తల ఇంట పనిచేసే ఒక దాసికి ఏకైక సంతానం. బిడ్డ యోగక్షేమాలు చూసుకోవాలని ఆమెకు ఎంత ఉన్నా, పరాధీన గనుక చూసుకోలేకపోయిందని ఆయనే చెబుతాడు. యోగక్షేమమంటే లేనిదాన్ని సమకూర్చడం, ఉన్నదాన్ని కాపాడడం. అక్కడ తల్లిపై నిందాలేశం లేదు, ఆమె ప్రేమలో కొరత ఉన్నదన్న సూచన అసలే లేదు. వానాకాలం నాలుగు నెలలూ అక్కడ నిలిచిన మునుల సేవలో, వారు చెప్పే హరికథల శ్రవణంలో ఆ బాలుని మనసు రూపుదిద్దుకుంది. తల్లికి వీలుకాని చోట మరికొందరు ఆదరించారు. ఒక రాత్రి ఆవు పాలు పితకడానికి వెళ్లిన ఆమె పాము కాటుకు మరణించేనాటికి బాలునికి అయిదేళ్లు.

ఇంట ఉన్న తల్లి బిడ్డతోనే ఉంటుందన్న నమ్మకాన్ని దశమ స్కంధంలోని యశోద కథ పరీక్షకు పెడుతుంది. ఇంటి దాసీలు వేరే పనుల్లో ఉన్న రోజున ఆమె స్వయంగా పెరుగు చిలుకుతుండగా కృష్ణుడు పాలకోసం వచ్చాడు. ఒడిలోకి తీసుకుని పాలిస్తున్నంతలో పొయ్యి మీది పాలు పొంగడంతో, ఇంకా తనివి తీరని బిడ్డను దించి ఆమె పరుగెత్తింది. కోపగించిన బాలుడు కుండ పగలగొట్టాడు. ఆ పాలు కూడా కృష్ణుని కోసమే గనుక ఆమె వెళ్లిందని వైష్ణవ వ్యాఖ్యాతలు సమర్థించారు. జీతం కోసం పొద్దున్నే బస్సెక్కే తల్లి మనసును గ్రహించడానికి ఇంతకంటే మంచి వ్యాఖ్య అక్కరలేదు. ఆమెను ఇల్లు కదిలించేది కూడా ఆ పాలే. తరువాత రోలుకు కట్టబోతే తాడు ప్రతిసారీ రెండు అంగుళాలు తక్కువైంది. చెమటతో తడిసి అలసిపోయిన తల్లిని చూసి, దయతో కృష్ణుడే కట్టుబడ్డాడు. పరమాత్మ చూసినది ఆ శ్రమను. కట్టివేసి ఆమె మళ్లీ ఇంటిపనుల్లో పడిన సమయంలోనే, కృష్ణుడు ఈడ్చుకుపోయిన రోలు తగిలి మద్దిచెట్లు కూలాయి!

ఇతరుల గుణంలో దోషం వెదకడాన్ని శాస్త్రకారులు అసూయ అన్నారు. ఒక తల్లి త్యాగంలో సోమరితనాన్ని, మరొక తల్లి కష్టంలో స్వార్థాన్ని చూపే ప్రతి వాదనా ఆ నిర్వచనం కిందికే వస్తుంది. దీనికి మూలం భగవద్గీత మూడవ అధ్యాయం హెచ్చరించిన కర్తృత్వ భావన, అంటే సమస్తం చేసేది తానేనన్న తలపు; బిడ్డ మంచి చెడ్డలన్నీ తన ఒక్క నిర్ణయం నుంచే పుడతాయని భయపడే తల్లి, ఆ భయాన్ని ఓర్చుకోలేక వేరే దారి ఎంచుకున్న తల్లిలో తప్పు వెదుకుతుంది. ఆ భయం పట్ల కరుణ చూపవలసిందే గాని, దానికి ధర్మమన్న పేరు పెట్టకూడదు. పైగా ఎంచుకునే వీలే లేనివారికి ఈ చర్చలో చోటు దక్కడం లేదు. చేను గట్టున చెట్టుకొమ్మకు చీరతో ఉయ్యాల కట్టి, బిడ్డ ఏడుపు వింటూనే నాట్లు వేసిన, కలుపు తీసిన కూలి తల్లులు తెలుగు నేలపై తరతరాలుగా ఉన్నారు. వారిని ఇంటి తల్లులనాలో ఉద్యోగినులనాలో తేల్చడం ఎవరి తరమూ కాదు.

చెట్లు కూలిన చప్పుడు విని వచ్చిన నందుడు నవ్వుతూ బాలుని కట్లు విప్పాడని భాగవతం చెబుతుంది. తల్లుల గురించిన నేటి చర్చలో లేనిది ఆ తండ్రే. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుండగా, ఆ పనిలో పాల్గొనే పురుషులు వెచ్చించేది 97 నిమిషాలు. 2017 సవరణతో ప్రసూతి ప్రయోజన చట్టం తల్లికి మొదటి ఇద్దరు బిడ్డల విషయంలో 26 వారాల సెలవు ఇచ్చింది, 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నది. తండ్రి సెలవు గురించి అందులో మాటే లేదు. చట్టం సంగతి అలా ఉంచితే, స్త్రీధర్మాన్ని గంటల తరబడి వివరించే ప్రవచన వేదికలపై బిడ్డకు నీళ్లు పోయడం, అన్నం తినిపించడం, జ్వరం వచ్చిన రాత్రి మేల్కొని కూర్చోవడం పితృధర్మంలో భాగాలని బోధించేవారు ఎందరు? ఆ వేదికల ఎదుట కూర్చునే పురుషులకు ఆ మాట వినిపించవలసిన బాధ్యత పౌరాణికులదే.