పుణ్యం కాదు, బాకీ

తూంకుంటలో నేనొక రిటైరైన గుమస్తాని. పక్కవీధి అవ్వకి ఆధార్‌లో ఒక ఇంటిపేరు, రేషన్ కార్డులో మరొకటి. పైగా వేలిముద్రలు అరిగిపోయి మిషన్ పట్టదు. కాగితాలు సరిచేయించి ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ రోగులకు సాయపడే ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చోబెడితే, "నీకు పుణ్యముంటది బిడ్డా" అన్నది.

నాకెందుకు పుణ్యం? 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో ఉచిత వైద్యం పరిమితి తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏటా 10 లక్షలు. అది ఆమె హక్కు, నా జేబులోది కాదు. తిరిగి ఏమీ ఇవ్వలేనివారికి కర్తవ్యంగా ఇచ్చేదే సాత్విక దానమని గీత పదిహేడో అధ్యాయం చెబుతుంది. నేను అదీ చేయలేదు. ఆమెది ఆమెకు అందేదాకా పక్కన నిలబడ్డానంతే. చదువుకున్నవాళ్లం సమాజానికి పడ్డ బాకీ ఇది. మీ వీధిలోనూ ఒక అవ్వ ఉంటుంది, ఒక పూట ఆమె వెంట వెళ్లండి.