గోడ మీది సాలెపురుగు, గ్రంథంలోని సాలెపురుగు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు పాత పెంకుటిళ్లలోనే కాదు, కొత్త స్లాబు ఇళ్లలోనూ ఒక అతిథి కనిపిస్తుంటుంది. రాత్రి లైటు వేయగానే గోడకు అతుక్కుని ఉంటుంది: అరచేయంత సాలెపురుగు, గోధుమరంగు, పలచటి ఒళ్లు, ఎండ్రకాయలా పక్కలకు చాచిన కాళ్లు. పిల్లలు కేకేస్తారు. ఎవరో చీపురు అందుకుంటారు. "విషప్పురుగా?" అన్న ప్రశ్నకు జవాబు దొరికేలోపే దాని పని అయిపోతుంది.

జవాబు నిజానికి చేతికందే దూరంలోనే ఉంది. గూడు అల్లదు, గోడ మీద పక్కకు పరుగు తీస్తుంది, ముఖానికి అడ్డంగా లేత రంగు పట్టీ ఉంటుంది. ఈ మూడూ కలిస్తే అది దాదాపుగా హెటెరోపోడా వెనటోరియా. 1767లో లిన్నేయస్ పేరు పెట్టిన ఈ జీవి వేడి దేశాలన్నిటా మనుషుల ఇళ్లలో బతుకుతోంది. బొద్దింకలు దాని తిండి. చేత్తో పట్టుకుంటే కరుస్తుంది, నొప్పి పెడుతుంది, ప్రాణం మాత్రం తీయదు. పొట్ట కింద తెల్లటి బిళ్ల పట్టుకుని తిరుగుతుంటే అది ఆడది, ఆ బిళ్ల గుడ్ల సంచి. మూలల్లో సన్నటి కాళ్లతో వేలాడుతూ, ముట్టుకోగానే ఒళ్లంతా ఊగిపోయేది వేరే జాతి. కిటికీ చువ్వల మీద గెంతుతూ మనిషి వైపు తిరిగి చూసే చిన్నది ఇంకో జాతి. దానికి ముందు వరుసలో రెండు పెద్ద కళ్లు మెరుస్తుంటాయి. 2022 ఏప్రిల్ నాటికి ప్రపంచ సాలీళ్ల జాబితాలో 50,000 జాతులు నమోదయ్యాయి.

ఇంతమందిలో ఎవరో తేల్చుకోకుండానే తీర్పు చెప్పేయడం ఇళ్లలో రోజూ జరిగేదే. పొద్దున లేవగానే మెడ మీద చారలా పొక్కులు లేస్తే "పురుగు పాకింది" అంటారు, నింద చాలాసార్లు సాలెపురుగు మీదికి పోతుంది. వానాకాలం దీపాల వెలుగుకు పీడెరస్ అనే సన్నటి పురుగు వస్తుంది. నలుపు, నారింజ రంగుల్లో ఉంటుంది. నిద్రలో దాన్ని నలిపితే ఒంట్లోని పెడెరిన్ అనే విషం చర్మాన్ని కాల్చి సరిగ్గా అలాంటి పొక్కులే తెస్తుంది. తప్పు ఒకరిది, శిక్ష ఇంకొకరికి. ఇది జంతుశాస్త్రంతో ముగిసే విషయం కాదు. ఎదుటి ప్రాణి ఎవరో తెలుసుకోకుండా దాని ప్రాణం తీసే హక్కు ఉందా అన్నది ధర్మం అడగాల్సిన ప్రశ్న.

పైగా ఆ చీపురు లేచిన ఇంట్లోనే శ్రీకాళహస్తి పటం ఉండవచ్చు. ఆ క్షేత్రం పేరులోని మొదటి అక్షరం సాలెపురుగుదే. అది తన దారాలతో శివుడికి గుడి, గోపురం అల్లిందని, దీపం మంట తగిలి అవి కాలిపోతే ఆ మంటనే మింగబోయిందని స్థలపురాణం. ఆ పేరులోనే ఉన్న ఏనుగుకూ పాముకూ ఇచ్చిన చోటే సాలెపురుగుకూ ఇచ్చిన భక్తి సంప్రదాయం మనది. పోతన ఊరుగా చెప్పుకునే బమ్మెర, జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోనే ఉంది. పోతన భాగవతంలో పదకొండో స్కంధాన్ని తెనిగించింది వెలిగందల నారయ. దాని సంస్కృత మూలంలో అవధూత యదు మహారాజుకు తన 24 మంది గురువులను చెబుతాడు. వారిలో సాలెపురుగు ఒకరు. ఈశ్వరుడు జగత్తును తనలోంచి వెలువరించి, దానితో ఆడుకుని, మళ్లీ తనలోకి తీసుకోవడాన్ని అక్కడ సాలీడు నోటి దారంతో పోల్చారు. ముండకోపనిషత్తు అంతకుముందే ఈ పోలిక వాడింది.

ఇందులో పరిశీలన ఎంత? దారం వచ్చేది నోటినుంచి కాదు, ఒంటి వెనక కొసనున్న గొట్టాల్లోంచి. కడుపులోని గ్రంథుల్లో ద్రవంగా ఉండే ప్రోటీను బయటికి లాగుతుంటే గట్టిపడుతుంది. అంటే ఆ మాట తప్పు. మళ్లీ మింగడం మాత్రం అక్షరాలా నిజం. చక్రంలా గూడు అల్లే సాలీళ్లు చాలావరకు పాత గూడును తినేస్తాయి. 1971లో పీకాల్ అనే శాస్త్రజ్ఞుడు రేడియోధార్మిక గుర్తుతో పరీక్షిస్తే, తిన్న దారంలోని ప్రోటీనులో 80 నుంచి 90 శాతం కొత్త గూట్లో తిరిగి కనిపించింది. ఎవరో ఒకప్పుడు తెల్లవారుజామున కూర్చుని ఓపికగా చూసి ఉంటేనే తప్ప ఈ పోలిక పుట్టదు.

అంతకంటే గొప్ప సంగతి శంకరుల బ్రహ్మసూత్ర భాష్యంలో ఉంది. బ్రహ్మానికి బయటి సామగ్రి అక్కర్లేదని చెప్పడానికి ఆయనా సాలీడును తెచ్చారు. వెంటనే ఎదుటి వాదన వినిపించే పూర్వపక్షి అడ్డుపడతాడు: అది చిన్న పురుగులను తింటుంది, దాని లాలాజలం గట్టిపడి దారమవుతుంది, కాబట్టి బయటి సామగ్రి లేదనడం ఎలా కుదురుతుంది? లాలాజలమన్న మాట పక్కనపెడితే, తిండే దారమవుతుందన్నది నేటి జీవశాస్త్రం చెప్పేదే. శంకరులు ఆ పరిశీలనను కొట్టిపారేయలేదు. కుమ్మరికి సామగ్రి కావాలి గనుక అందరికీ అదే తీరున కావాలన్న నియమం లేదని చూపడమే తన ఉద్దేశమని సమాధానమిచ్చారు. వాదంలో ఓడిన ఆ పూర్వపక్షికి ఎక్కువ గౌరవం దక్కాలి. సాలెపురుగును పోలికగా కాక, ఆకలి ఉన్న ప్రాణిగా చూసింది అతడే.

అలా చూడనప్పుడు ఏమవుతుందో అవధూత జాబితాలోనే ఉంది. సాలీడు వెంటనే వచ్చే గురువు, పురుగును గూట్లో పెట్టే కందిరీగ. భయంతో దాన్నే ధ్యానించి పురుగు కందిరీగ అవుతుందన్నది భ్రమరకీటక న్యాయం. ఇళ్లలో గోడకు మట్టిగూళ్లు కట్టే కందిరీగల్లో ఒక రకం గూడు పగలగొట్టి చూస్తే, కుట్టి కదలకుండా చేసిన సాలీళ్లు వరుసగా దొరుకుతాయి. కందిరీగ పిల్ల వాటిని తిని పెరుగుతుంది. ధ్యానానికి ఆ న్యాయం అందమైన ఉపమానమే. గూటిలో ఉన్నవారి బతుకు మాత్రం వేరు.

తాడును చూసి పాము అనుకున్నవాడికి దీపం తెస్తే భయం పోతుందని వేదాంతులు అంటారు. సాలెపురుగు దగ్గర దీపం ఇంకో పని కూడా చేయాలి, ఎందుకంటే భయం పోయాక అక్కడ మిగిలేది తాడు కాదు, ప్రాణం. ఆ ప్రాణం ఎవరో, దాని ఇల్లెక్కడో కూడా చూపాలి. 1899లో పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు, గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన నీలిరంగు సాలీడుకు పోసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. లోకం దాన్ని గుత్తి సాలీడు అంటుంది. దాని అసలు ఇల్లు అక్కడికి చాలా దూరంలో, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి. కలపతో పాటు వచ్చి చేరిన బాటసారి అది. శతాబ్దం గడిచాక 2001లో గానీ ఆ అడవిలో దాన్ని మళ్లీ చూడలేదు. ఇప్పుడది అంతరించిపోయే అంచున ఉన్న జాతుల్లో చేరింది.

పసిపిల్లలున్న ఇంట్లో అంత పెద్ద సాలీడును ఉంచుకోవాలని ఎవరూ అనరు. వెడల్పాటి గాజు గ్లాసు బోర్లించి, అంచు కింద అట్టముక్క జరిపితే చాలు. గ్లాసులో ఉండగా కాళ్లు, కళ్లు, ముఖం మీది పట్టీ పిల్లలకు చూపించవచ్చు, ఫోనులో ఫొటో తీయవచ్చు. గుడ్ల సంచి ఉంటే అది జారకుండా మెల్లగా తీసుకెళ్లి, బొద్దింకలు దొరికే పశువుల కొట్టం వైపు వదిలిపెట్టాలి.