చదువు చౌక, వయస్సు ప్రియము

ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడిన వెంటనే కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల గృహములలో ఏటేట ఒకే ప్రశ్న వినబడుచుండును. పిల్లలను హైదరాబాదునకు పంపవలెనా, లేక చెంతనున్న విశ్వవిద్యాలయపు కళాశాలలోనే చేర్పవలెనా? తండ్రి ఫీజు లెక్కించును. మేనమామ ఉద్యోగము సంగతి విచారించును. తల్లి దూరమును తలచి వెనుదీయును. తుదకు ఒక తట్టలో వ్యయమును, రెండవ తట్టలో రాబోవు జీతమును ఉంచి, ముల్లు ఎటు మొగ్గిన నటు నిర్ణయింతురు. ఈ త్రాసును మేము నిందింపము. సంసారియైనవాడు లెక్క చూడవలసినదే. కాని తూనికరాళ్లు సరియైనవో కావో చూచుకొనక తూచినచో మోసపోవువారు మన బిడ్డలే. అందుచేత ఆ రాళ్లను ఒకపరి పరీక్షించుట యుక్తమని తలచుచున్నాము.

కొందరు పెద్దలు అసలు ప్రశ్ననే తప్పుపట్టుదురు. విద్యకు వెల కట్టుట నీచమని వారి యభిప్రాయము. న్యూమను పండితుడు 1852 లో డబ్లిను నగరమున చేసిన ఉపన్యాసములలోను, జాన్ స్టూవర్టు మిల్లు 1867 లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయమున చేసిన ప్రసంగములోను, విశ్వవిద్యాలయము జీవనోపాధి నేర్పు స్థలము కాదనియు, బుద్ధిని సంస్కరించు స్థలమనియు వాదించిరి. ఆ మాట గొప్పదే. కాని అది తిండికి లోటులేని యింట శోభించినట్లు అన్నియిండ్ల శోభింపదు. సిరిసిల్లలో మరమగ్గము నడపు తండ్రితో, జగిత్యాలలోనో నిర్మలులోనో బీడీలు చుట్టు తల్లితో, మీ కుమారుని చదువువలన ఏమి వచ్చునని అడుగరాదని చెప్పుట ధర్మోపదేశము కాదు, నిర్దయ. మన పూర్వులు పురుషార్థములను గణించునపుడు అర్థమును ధర్మము తరువాత నుంచిరి గాని గణనలోనుండి తొలగింపలేదు. కావున ఉద్యోగమును గూర్చి అడుగుట తప్పు కాదు. దానినొక్కదానినే అడిగి ఊరకుండుటయే తప్పు.

మొదట దూరము సంగతి చూతము. 1918 లో హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపితమైనపుడు అచట బోధనాభాష ఉర్దూ. తెలుగు పల్లెలోని బాలుడు ముందు దూరమును, పిదప పరభాషను దాటిన తరువాత గాని శాస్త్రమును చేరజాలకుండెను. 1931 లో హనుమాజీపేటలో జన్మించిన సి. నారాయణరెడ్డి గారు ఉర్దూ మాధ్యమమున చదివి, తెలుగు కవియై, 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమును పొందిరి. అది ఆయన ప్రతిభకు నిదర్శనమే గాని ఆ మార్గము సుగమమనుటకు నిదర్శనము కాదు. 1938 లో వందేమాతర గీతము పాడినందుకు బహిష్కృతులైన విద్యార్థులలో పలువురు చదువు సాగించుటకై నాగపురమునకు పోవలసివచ్చెను. వంగర గ్రామమున పెరిగిన పి.వి. నరసింహారావు గారు అట్లు పోయినవారిలో ఒకరు. పోగలిగినవారి పేర్లు మనకు తెలిసినవి. పోలేక ఇంట నిలిచిపోయినవారి పేర్లు ఎవరికిని తెలియవు.

1976 లో వరంగల్లున కాకతీయ విశ్వవిద్యాలయము ఏర్పడెను. 2008 లో కరీంనగరమున శాతవాహన విశ్వవిద్యాలయమును, ఆ యేడే బాసరలో, ప్రజలు ట్రిపుల్ ఐటీ యని పిలుచు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమును వెలసినవి. హైదరాబాదునకును కరీంనగరమునకును నడుమ దూరము సుమారు నూట అరువది కిలోమీటర్లు. ఉన్నతవిద్య ఆ దూరమును దాటి వచ్చుటకు తొంబది సంవత్సరములు పట్టెను. ఆదిలాబాదు ప్రాంతపు కళాశాలలు కాకతీయ విశ్వవిద్యాలయమునకు అనుబంధములైనవి. ఆదిలాబాదు పట్టణమునుండి వరంగల్లునకు రెండువందల కిలోమీటర్లకు పైబడిన దారి. 2011 జనాభా లెక్కలలో ఆదిలాబాదు జిల్లాయందు అక్షరాస్యులు నూటికి దాదాపు అరువది యొక్కరు, కరీంనగరము జిల్లాయందు అరువది నలుగురు. ఇట్టి సీమలో విశ్వవిద్యాలయము చెంతకు వచ్చుట చిన్న మేలు కాదు. ఆ మేలును అధికముగా పొందినది బాలికలు. ఇటీవలి సంవత్సరములలో తెలంగాణమున డిగ్రీ చదువులలో చేరువారిలో బాలురకంటె బాలికలే ఎక్కువ. ఉదయము బస్సెక్కి సాయంకాలమునకు ఇల్లు చేరగల దూరమున కళాశాల యుండుటచే కదా పల్లెలోని యనేకులు తమ కూతుళ్లను చదువనిచ్చినారు!

కాని ఇచటనే మన గృహములలోని యొక లోపము బయటపడుచున్నది. మన యిండ్లలో త్రాసు ఒకటి కాదు, రెండు. కుమారుని హైదరాబాదులోని ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలకు పంపునపుడు ఏటికి లక్షకు మించిన ఫీజునకును వెనుదీయము; హాస్టలు ఖర్చులకై ఎకరమో అరయెకరమో అమ్ముదుము. దానికి మనము పెట్టిన పేరు పెట్టుబడి. కుమార్తెను దగ్గరి డిగ్రీ కళాశాలలో చేర్చునపుడు మనము ఆలోచించునది సంబంధము కుదురువరకు కాలము గడచుటను గూర్చి. ఆమెకు ఏ శాస్త్రమునందు అభిరుచి కలదో, అచట ఆ శాస్త్రము బోధించువారున్నారో లేరో విచారించువారు అరుదు. ఎవరిపై వ్యయము చేయనొల్లమో వారిని ఉంచు స్థలముగా సమీప విశ్వవిద్యాలయమును మనమే మార్చితిమి. అట్లు మార్చి, దానికి విలువ లేదని మనమే చప్పరించుచున్నాము.

ఇక చౌక యనునదేమో విచారింతము. ప్రభుత్వ విశ్వవిద్యాలయమున ఫీజు తక్కువయగుటకు హేతువు రెండు విధములుగా నుండవచ్చును. అచట జరుగు వ్యయమును ప్రజలందరు పన్నుల రూపమున భరించుట ఒక విధము. అసలు వ్యయమే జరుగకుండుట రెండవ విధము. మొదటిది ధర్మము, రెండవది లోభము. ఫీజు రసీదు చూచినంతమాత్రమున ఇది ఏ విధమో తెలియదు. అధ్యాపకుల గదిలోనికి తొంగిచూచిన తెలియును. తెలంగాణములోని ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో మంజూరైన అధ్యాపక పదవులలో సగమునకు పైగా ఏండ్ల తరబడి భర్తీకాక యుండినవి. ఒప్పందముపై వచ్చినవారు, గంటల లెక్కన జీతము తీసికొనువారు భారమును మోయుచున్నారు. వారిలో సమర్థులు కలరు; కాని వచ్చు సంవత్సరము తమకు పని యుండునో లేదో తెలియనివారు శిష్యుని భవిష్యత్తును గూర్చి యెంతకాలము చింతింపగలరు? 2022 జూన్ మాసమున బాసర విద్యార్థులు వానకు తడియుచు దినముల తరబడి కూర్చుండి కోరినవి సింహాసనములు కావు. నిలుకడగల ఉపకులపతి, అధ్యాపకులు, తినదగిన భోజనము, చదువుటకు వలసిన సాధనములు. పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొని వచ్చిన పల్లెపిల్లలకు ఇవి కోరి పొందవలసినవగుట మనకందరకును సిగ్గుచేటు.

ఇంత తక్కువ ఫీజునకు ఇంతకంటె ఏమి వచ్చునని కొందరు సమాధానపడుదురు. ఈ మాట దానము పుచ్చుకొనువాడు ఆడదగినది. మనము పుచ్చుకొనునది దానము కాదు. సబ్బుబిళ్ల కొన్న కూలివాడును పన్ను చెల్లించుచునే యున్నాడు. తాను ముందే చెల్లించిన దానికి బదులడుగుటకు వాడు జంకనక్కరలేదు.

వ్యయము చేయక మిగిల్చిన ధనము ఎచటికిని పోదు. విద్యార్థి వయస్సునుండి అది వసూలగును. మా వాదమునకు ఇదియే కీలకము. బోధన చాలని డిగ్రీతో వెలువడిన యువకుని వెదకుచు కంపెనీలవారు కరీంనగరమునకు రారు. వచ్చినను కొలదిమందినే తీసికొందురు. ఒకప్పుడు ఈ ప్రాంతమునకు సింగరేణి దిక్కై యుండెను. 1990 ప్రాంతమున గనులలో లక్షకు పైగా పనివారుండిరి. నేడు దాదాపు నలుబదివేల మంది కలరు. తండ్రి పని కొడుకునకు వచ్చుననెడి ధీమా తగ్గినది. ఇక మిగిలినవి రెండు త్రోవలు. ఒకటి గల్ఫు దేశములకు పోవు వీసా. దానికి డిగ్రీ అక్కరలేదు, అప్పు కావలెను. రెండవది ప్రభుత్వోద్యోగపు పరీక్ష. ఆ పరీక్షలో ఏ విశ్వవిద్యాలయపు పట్టా యని అడుగరు, ఏదైనను చాలును. అందుచే మన పట్టభద్రులు కళాశాలలో నేర్వనిదానిని నేర్చుకొనుటకై హైదరాబాదులోని అశోక్‌నగరమునకు పోయి, ఇరుకుగదికి అద్దె కట్టి, కోచింగునకు ఫీజు కట్టి, ఏండ్లు గడుపుచున్నారు. 2022 లో జరిగిన గ్రూపు-1 ప్రాథమిక పరీక్ష ప్రశ్నపత్రములు వెల్లడియైన కారణమున 2023 లో రద్దయ్యెను. మరల జరిపిన పరీక్షయు హైకోర్టులో రద్దయ్యెను. 2024 లో క్రొత్త ప్రకటన వెలువడెను. ఇరువది రెండేండ్ల వయస్సున దరఖాస్తు పెట్టినవాడు ఇరువది నాలుగేండ్ల వయస్సున మరల మొదటినుండి ప్రారంభించెను.

2021 లో వెల్లడియైన బిశ్వాల్ వేతన సవరణ సంఘపు నివేదిక ప్రకారము రాష్ట్రమున మంజూరైన 4,91,304 ఉద్యోగములలో 1,91,126 ఖాళీగా నుండెను. ఈ యంకెను మనము నిరుద్యోగులకు సంబంధించినదిగానే చదువుదుము. అది విద్యార్థులకును సంబంధించినది. ఖాళీలు రెండుమారులు దెబ్బకొట్టును: చదువునపుడు తరగతిలో గురువు లేడు; చదివిన తరువాత తాను గురువగుటకు పదవి లేదు. కావున సమీప విశ్వవిద్యాలయపు వెల కట్టునపుడు మూడేండ్ల ఫీజును మాత్రము గాక, తరువాత గడచు ఐదేండ్ల వయస్సును కూడ తట్టలో వేయవలెను. అపుడు చౌక యనిపించినది చాల ప్రియమని తేలును.

అయినచో చిన్న విశ్వవిద్యాలయములను మూసివేసి, ఆ ధనమును ఉస్మానియాకే యిచ్చిన మేలు కాదా యని అడుగువారు కలరు. ఈ యాక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. పలుచని పాలు పదిమందికి పోయుటకంటె చిక్కనిపాలు కొందరికి పోయుట మేలనిపించును. కాని ఆ కొందరు ఎవరు? ప్రయాణింపగలవారు, హాస్టలు ఖర్చు భరింపగలవారు, ఇంటివారు గడప దాటనిచ్చినవారు. మనము మరల 1938 నాటి స్థితికే పోవుదుము. విశ్వవిద్యాలయపు విలువను అది చేర్చిన స్థానమును బట్టి మాత్రమే గాక, ఎచటినుండి చేర్చినదో దానిని బట్టియు కొలువవలెను. అక్షరము రాని ఇంటినుండి వచ్చిన బాలిక ఉపాధ్యాయినియైనచో, ఇంజనీరు కుమారుడు ఇంజనీరగుటకంటె ఆమె నడచిన దూరమే యెక్కువ.

మరి ఈ విద్యాలయములకు విలువ కలుగుటెట్లు? అమెరికాలో 1862 లో చేయబడిన మొరిల్ చట్టము రాష్ట్రములకు భూములిచ్చి, శ్రామికుల బిడ్డలకు వ్యవసాయమును, యంత్రవిద్యను, వానితోపాటు సామాన్యశాస్త్రములను నేర్పు కళాశాలలు స్థాపింపజేసెను. అంత దూరమేల? 1940 దశకమున హైమెన్‌డార్ఫు పండితుడు నిజాము ప్రభుత్వ సహాయముతో ఆదిలాబాదు అడవులలోని మార్లవాయి గ్రామమున గోండు యువకులకు ఉపాధ్యాయశిక్షణ నిప్పించెను. గోండీ భాషలో వాచకములు వెలువడెను. శిక్షణ పొందినవారు తమ గూడెములలోనే గురువులైరి. ఊరికి కావలసినది ఊరివారిచేత ఊరిభాషయందు నేర్పించుటచే అచట విద్యయు, ఉపాధియు ఒకదానికొకటి విరోధింపలేదు. శాతవాహనుల నాణెములు దొరకిన కోటిలింగాల గోదావరి యొడ్డుననే యున్నది. బొగ్గుగనులు, ఆదిలాబాదు ప్రత్తి, సిరిసిల్ల మగ్గములు, నిర్మలు బొమ్మలు, గల్ఫు వలసలు, గోండీ, కొలామీ భాషలు — వీనిని గూర్చి ప్రపంచమున నెవరైన తెలిసికొనగోరినచో మొదట కరీంనగరమునకు రావలెను. అట్లు రాదగిన జ్ఞానము అచట పోగైననాడు ఆ పట్టా పేరు వినగానే పెదవి విరుచువారుండరు. 2025 లో హుస్నాబాదునకు ఇంజనీరింగు కళాశాల మంజూరగుట సంతోషకరమే; కాని గోడలు లేచుటకు ముందు గురువులు నియమింపబడవలెను.

గృహస్థులకు మా విన్నపము స్వల్పము. పిల్లలను చేర్చుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగుడు: ఆ శాస్త్రమునకు స్థిరముగా నియమింపబడిన అధ్యాపకులెందరు? ప్రయోగశాల వారమునకు ఎన్నిమారులు తెరువబడును? గత మూడేండ్లలో చదివినవారు నేడెచట నున్నారు? నోటిమాటగా సమాధానము రానిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము కలదు. పది రూపాయల రుసుముతో అడుగవచ్చును. సమాధానము బాగుగా నున్నచో, దూరమునున్న కళాశాల పేరునకు భ్రమసి పొలము అమ్ముకొనకుడు. బాగుగా లేనిచో, మీ బిడ్డను వేరొకచోట చేర్చి ఊరకుండక, చేరిన పొరుగు బిడ్డల పక్షమున మాటాడుడు. కుమారుని విషయమున నడిగిన ప్రశ్నలనే కుమార్తె విషయమునను అడుగుడు.

చెంతనున్న విశ్వవిద్యాలయము పేదవారి విద్యాలయముగా నుండవచ్చును. పేద విద్యాలయముగా నుండరాదు. ఈ రెంటికిని గల భేదమును పాలకులు మరచినచో జ్ఞప్తి చేయవలసినది మనమే. మన బిడ్డల ఫీజును మనము గాని ప్రభుత్వము గాని ఎప్పుడైనను చెల్లింపవచ్చును. వారి వయస్సును తిరిగి చెల్లింపగలవారు లేరు.