తులసిపై పురుగు

పల్నాడు మొదలుకొని ఒంగోలు వరకు వ్యాపించిన నల్లరేగడి సీమలో వైష్ణవ గృహముల పెరడు కార్తెల ననుసరించి నడచును. రోహిణికార్తెలో నేల నెఱ్ఱెలు విచ్చును. అప్పుడు తులసికోటకు పడమటి యెండ సోకకుండ తాటాకు పందిరి వేయుదురు. మొదట ఎండుటాకులు పఱచి రెండుపూటల నీరు పోయుదురు. మృగశిర చినుకులు పడినపిదప అదే నేల నీటిని విడువక పట్టుకొనును గనుక, వేరు కుళ్లకుండ పాదులకు మెఱక కట్టవలెను. తులసి వెన్నులు వేసినపుడెల్ల త్రుంచవలెను. లేనిచో మొక్క గింజకట్టి త్వరగా ముదిరిపోవును. ద్వాదశినాడు తులసి కోయరాదన్న నియమము వలన దానికి పక్షమున కొకనాడైనను విశ్రాంతి లభించును. ధనుర్మాసమునకు బంతి విరియవలెనన్నచో భాద్రపదాశ్వయుజములలోనే నారు పోయవలెను.

ఈ పనులలో దేనియందును సంశయము లేదు. సంశయము పురుగు కడ మొదలగును.

ఒక మిరపరైతు ఇంటిని తలచుకొందము. తులసి కొనలు ముడుచుకొని, ఆకు అడుగున నల్లచుక్కలు పడినవి. పొలమునకు కలిపిన మందు స్ప్రేయరులో కొంచెము మిగిలినది. కుమారుడు దానిని తులసిపై కొట్టబోగా తల్లి అడ్డుపడినది. "వద్దు నాయనా, తులసమ్మ దగ్గర ప్రాణి హింస చేయగూడదు" అన్నది. "పొలంలో పురుగుకు లేని ప్రాణం తులసి మీద పురుగుకు వచ్చిందా అమ్మా?" అని కుమారుడు ప్రశ్నించెను.

ఈ ప్రశ్నను త్రోసిపుచ్చుట న్యాయము కాదు. 1987-88లో ప్రత్తిపై తెల్లదోమ విజృంభించి గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులను అప్పులలో ముంచినది; కొందఱు ప్రాణములే తీసికొనిరి. 2021-22లో నల్ల తామరపురుగు మిరప పూతలో చేరి పిందె నిలువనీయలేదు. ఎందఱో పైరును పీకివేసిరి. అట్టివారికి అరుగుమీద కూర్చుండి అహింసను బోధించుట సులభము. ఆ మిరపకాయలతో నూరిన పచ్చడి తినుచు బోధించుట మఱింత సులభము. తల్లి భుజించు అన్నము కూడ ఆ పొలము ధనముతోనే వచ్చుచున్నది గదా!

గృహస్థుని ఇల్లు హింసారహితమని ధర్మశాస్త్రము ఎన్నడును భ్రమపెట్టలేదు. పొయ్యి, సన్నెకల్లు, చీపురు, రోలు, నీటికుండ అను నైదింటిని మనువు పంచసూనలని పేర్కొనెను. సూన యనగా వధస్థానము. ముంగిలి ఊడ్చు చీపురుకట్టయు అందులో చేరినది. ఆ దోషమునకు పరిహారముగ పంచమహాయజ్ఞములు విధింపబడినవి. వానిలో నొకటి ప్రాణులకు అన్నము పెట్టెడి భూతయజ్ఞము. బియ్యపుపిండితో ముగ్గు వేయుట చీమలకు ఆహారమని పెద్దలు చెప్పుదురు. ఱాతిముగ్గు వేయుచు ఈ మాట చెప్పుట మాత్రము వింతగా నుండును.

కాగా కుమారుని వాదములో లోపమెక్కడ? అతడు పురుగును మాత్రమే చూచెను; తన చేతిని చూచుకొనలేదు. పొలములో ఆ చేయి స్వతంత్రము కాదు. కౌలు, అప్పు, ఏడాది గ్రాసము దానిని బంధించినవి. పెరటి తులసిపై ఎవరును అప్పు ఇయ్యలేదు. నాలుగాకులు చిల్లులు పడినంతమాత్రమున ఆరాధన ఆగదు. సూనాదోషమునకు పరిహారము చెప్పిన శాస్త్రము తప్పనిసరియైన పనులను గూర్చి చెప్పినది. మందు మిగిలినది గనుక కొట్టుదమన్న సౌకర్యమును గూర్చి కాదు.

వేఱొక మాట కూడ కలదు. పురుగుమందు కొట్టినపిదప కోతకు ఇన్ని దినములు ఆగవలెనని డబ్బాపైననే వ్రాసియుండును. తులసిని దినదినము కోసి తీర్థములో వేయుదురు. ఆ తీర్థమును పసిబిడ్డలును పుచ్చుకొందురు. ఇచ్చట ఆగుటకు దినములేవి? ఒకప్పుడు ప్రత్తిపై విరివిగా కొట్టిన ఎండోసల్ఫానును 2011లో సుప్రీంకోర్టు నిలిపివేసినది. అంతవఱకు అది అందఱి కంటికిని మందే.

ముడుతపడిన కొనలను త్రుంచి దూరముగ పాఱవేసి, ఆకుల అడుగుభాగమును నీటిధారతో కడిగిన చాలవఱకు తగ్గును. మందారపు పిండినల్లికి కుంకుడురసము పనిచేయును. అప్పటికిని లొంగనిచో లీటరు నీటికి ఏబది గ్రాముల వేపగింజల పొడిని రాత్రి నానబెట్టి, వడగట్టి చల్లవచ్చును. వేపకషాయమునకు పురుగు చావదా యన్నచో, కొన్ని చచ్చును, దాచుట యెందులకు? కరివేపాకుపై పక్షిరెట్టవలె కనిపించి, పిదప పచ్చబడు పురుగును మాత్రము విడిచిపెట్టవచ్చును. అది సీతాకోకచిలుక యగును. చెట్టు మరల చిగిర్చును.

తిరుమలలో రామానుజుల ఆజ్ఞచే పూదోట పెంచిన అనంతాళ్వారుల చరిత్ర ఇచ్చట స్మరణీయము. ఒకమారు వారు కొండనుండి ప్రయాణమై పోవుచు, దారిలో ప్రసాదపు మూట విప్పగా అందులో చీమలు కనబడినవట. తిరుమలలో ఏ జన్మమైనను చాలునని కులశేఖరాళ్వారు కోరుకొనిరి గదా, ఈ చీమలు ఏ భక్తులో యని తలచి, వానిని కొండపై విడుచుటకు మరలి పోయిరట. ఈ కథను చెప్పువారు ఒక సంగతి మఱతురు. ఆ అనంతాళ్వారులే తోటకొఱకు చెఱువు త్రవ్విరి; వారి గునపము నేటికిని మహాద్వారము కడ వ్రేలాడుచున్నది. ఆ గునపపు పోటుకు మట్టిలో ఎన్ని పురుగులు చచ్చినవో ఎవరు లెక్కింపగలరు? త్రవ్వక నీరు లేదు, నీరు లేక పూలు లేవు. చీమలను త్రోవలో దులిపివేసినచో అడుగువారు లేరు. అయినను వారు మరలిపోయిరి.

ఇప్పుడు మిరపచేని చుట్టును బంతి నాటుట ఈ సీమలో తెలిసిన పద్ధతియే. శనగపచ్చ పురుగు రెక్కలపురుగై బంతిపై గ్రుడ్లు పెట్టును. అచ్చట చేరినవానిని ఏఱివేయుట సులభము, చేనిలో మందు కొంత తగ్గును. ఆ రైతు కూడ ఒక యేడు అట్లే నాటెననుకొందము. ధనుర్మాసములో తల్లి గట్టుకు వచ్చి మాలకొఱకు పూలు కోయును. ప్రతి పువ్వును దులిపి చూచి, పురుగున్నచో దానిని అదే మొక్క ఆకుపై విడుచును. కుమారుడు రేపు వచ్చి ఏఱవలసినది దానినే. అతడు చూచి నవ్వును గాని, వద్దనడు.