అసలు, వడ్డీ

చిన్నమనూరు నుంచి తేక్కడి ఎంతో దూరం కాదు. పెరియార్ జలాశయంలో పడవెక్కితే నీళ్లలో నిలిచిన మోళ్లు కనిపిస్తాయి. 1895లో పెన్నీక్విక్ దొర ఆనకట్ట పూర్తిచేసినప్పుడు మునిగిన అడవి అది. ఆ నీరే కొండ తొలిచిన సొరంగం గుండా దిగి మన కంబం లోయలో వరి పండిస్తోంది.

విశాఖ దగ్గర ఎర్రమట్టి దిబ్బలూ చూశాను. గాలి, సముద్రం వేల ఏళ్లు పోగుచేసిన ఇసుక. తవ్వితే మళ్లీ రాదు.

బ్యాంకులో మా సూత్రం ఒకటే: వడ్డీ తినవచ్చు, అసలు ముట్టరాదు. దిబ్బలకు ఆ సూత్రం చాలు. మరి మునిగిన అడవి మాటేమిటి? ఆ అసలు మనం పుట్టకముందే ఖర్చయింది. అన్నం మనం తిన్నాం. ఆ అన్నం తప్పనలేను, బాకీ లేదనీ అనలేను. తీర్చలేని బాకీనైనా ఒప్పుకుని సంతకం పెడితే పత్రానికి కాలదోషం పట్టదు. మిగిలిన అడవికి వెళ్లినప్పుడు చేయవలసిన సంతకం అదే.