సాయానికి వచ్చినవాడి చేతికి ఏమివ్వాలి?

సైబరాబాద్‌లో ఆఫీసులు వదిలే వేళ, కూడళ్ల దగ్గర జాకెట్ వేసుకుని ట్రాఫిక్ నడిపేవాళ్లలో కొందరు పోలీసులు కారు. ఐటీ ఉద్యోగులు. జీతం లేకుండా వచ్చి నిలబడతారు. ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. నా ప్రశ్న దాని తర్వాతి మెట్టు గురించి. పోలీసులకి పౌరుడు ఎంతవరకూ సాయపడొచ్చు?

ఈ ఆలోచన మన చట్టంలో పాతదే. అల్లర్లప్పుడు ఉన్న బలగం చాలకపోతే చుట్టుపక్కలవాళ్లని స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా నియమించొచ్చని 1861 పోలీసు చట్టం చెప్పింది. మామూలు పోలీసుకుండే అధికారాలన్నీ వాళ్లకీ ఉంటాయి. సరైన కారణం లేకుండా రానంటే 50 రూపాయల దాకా జరిమానా!

ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం రోజుల్లో అదే హోదా ఇచ్చి, నెలకి 3,000 రూపాయల గౌరవ వేతనంతో ఆదివాసీ యువకుల చేతికి తుపాకులిచ్చారు. మావోయిస్టుల మీదకి పంపారు. 2011 జూలై 5న జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం ఇది రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. అయితే స్పెషల్ పోలీస్ ఆఫీసర్లకి రెండు పనులు మిగిల్చింది: విపత్తుల్లో జనాన్ని ఆదుకోవడం, ట్రాఫిక్ చూడటం.

ఈ రెండే ఎందుకు? కోర్టు కారణాలు కోర్టువి. నాకు తోచింది ఇది. వరదలో పడవ లాగేవాడూ, కూడలిలో చెయ్యి ఊపేవాడూ ఇస్తున్నది తమ సమయం, తమ ఒంట్లో శక్తి. అవి వాళ్లవి కాబట్టి ఇచ్చుకోవచ్చు. దారినపోయేవాణ్ని ఆపి ఫోన్ చూపించమనేవాడు, ఎవరింటికి ఎవరొస్తున్నారో స్టేషన్‌కి చేరవేసేవాడు ఇస్తున్నది పక్కవాడి స్వేచ్ఛ. తనది కానిదాన్ని దానమెలా చేస్తాడు?

"తప్పు చేయనివాడికి భయమెందుకు?" అంటారు. కానిస్టేబుల్ హద్దు మీరితే పైఅధికారికి ఫిర్యాదు చేయొచ్చు. సస్పెండ్ చేయించొచ్చు. అదెంత కష్టమో మనకి తెలుసు, అయినా ఒక దారంటూ ఉంది. వాలంటీర్‌ని ఏ ఉద్యోగంలోంచి సస్పెండ్ చేస్తారు? అద్దెకొచ్చిన బ్యాచిలర్ల మీదో, వేరే మతంవాళ్ల మీదో అతనికి ముందునుంచీ ఉన్న అనుమానానికి ఇప్పుడు ఒక జాకెట్ తోడవుతుంది, అంతే.

సాఫ్ట్‌వేర్‌లో ఎంత నమ్మకస్తుడికైనా పనికి కావలసినంత యాక్సెసే ఇస్తాం. ఎవరేం చేశారో లాగ్‌లో ఉంటుంది. అది అవమానమని ఎవరూ అనుకోరు.

రేపు మీ కాలనీలో వాలంటీర్ల జాబితా రాసుకోవడానికి వస్తే, పేరిచ్చే ముందు ఒక్క మాట అడగండి. "నేను హద్దు మీరితే మా పక్కింటివాళ్లు ఎవరికి చెప్పుకోవాలి?" దానికి సరైన జవాబొస్తే సంతోషంగా వెళ్లండి.